మూడో నంబరు బకెట్

హైదరాబాదులో ఏప్రిల్ నెల. నీళ్ళ టాంకరు బుక్ చేసి రెండు రోజులైంది. రాఘవరావు, పార్వతి దంపతుల పెరటి గుమ్మం దగ్గర మూడు బకెట్లు వరసగా ఉన్నాయి. వాటి మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో 1, 2, 3 అని అంకెలు. ఆ పాలిష్ సీసా కూతురి పెళ్ళినాటిది. పార్వతి చేతిలో పడిన వస్తువు అంత త్వరగా చెత్తబుట్ట చేరదు.

పార్వతి: ఏమండీ, కరివేపాకు మొక్కకు ఏ బకెట్ నీళ్ళు పోస్తున్నారు?

రాఘవరావు: నీళ్ళకు గోత్రనామాలు కూడా ఉన్నాయా? చేతికి అందినవి పోస్తున్నాను.

పార్వతి: ఆకుల అంచులు ఎలా మాడిపోయాయో ఇలా వచ్చి చూడండి. రెండో నంబరు పోసి ఉంటారు.

రాఘవరావు: అయితే ఏం? తేటగానే ఉన్నాయిగా!

పార్వతి: అవి ఆర్‌ఓ ఫిల్టరు బయటకు తోసేసిన నీళ్ళు. మీరు తాగే గ్లాసులోంచి తీసేసిన ఉప్పంతా ఆ బకెట్లోనే ఉంటుంది. ఇల్లు తుడవడానికి పెట్టాను. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు ఒకటో నంబరు, అవి మొక్కలకు.

రాఘవరావు: ఆ ఫిల్టరు కొనమని పోరింది నువ్వు కాదూ?

పార్వతి: నేనే. గ్లాసు నీళ్ళిచ్చి ఇంచుమించు మూడు గ్లాసులు పారబోస్తుందని కొన్నాక తెలిసింది. అందుకే బకెట్ పెట్టాను. మీరేమో గడ్డం గీసుకున్నంతసేపూ కుళాయి తిప్పే ఉంచుతారు. దాని కింద ఏం పెట్టమంటారు, డ్రమ్మా?

రాఘవరావు: సరే, మూడో నంబరు ఏమిటి?

పార్వతి: వాషింగ్ మెషిన్ నీళ్ళు. మరుగుదొడ్డిలో పోయడానికి.

రాఘవరావు: ఛీ ఛీ! మాసిన గుడ్డలు ఉతికిన నీళ్ళా? నేను ముట్టను.

పార్వతి: వాటితో తలంటు పోసుకోమనలేదు కదా! నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ నీళ్ళు తోడి, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో తెచ్చి, వడపోసి, క్లోరిన్ కలిపి మన కుళాయికి పంపుతున్నారు. ఆ నీళ్ళు మీరు చిన్న మీట నొక్కి సాగనంపేస్తున్నారు. అంత దూరం వచ్చిన చుట్టాన్ని ఎవరైనా గుమ్మంలోంచే పంపేస్తారా?

రాఘవరావు: మా రోజుల్లో ఈ గొడవే లేదు. 1908లో మూసీ పొంగి ఊరు మునిగింది. విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నది మీద ఆనకట్టలు కట్టాలన్నారు. 1920కల్లా గండిపేట చెరువు సిద్ధం. వరద ఆగింది, ఊరికి తాగునీరూ వచ్చింది. ఒక దెబ్బకు రెండు పిట్టలు. గండిపేట నీళ్ళు తాగినవాడు ఊరు వదలడని ఊరికే అన్నారా?

పార్వతి: మీరు కుర్చీ కూడా వదలడం లేదు.

రాఘవరావు: అసలు నీళ్ళ విలువ తెలిసినవాళ్ళను చూడాలంటే సింగపూర్ వెళ్ళాలి. మొన్న అమ్మాయి ఫోనులో చెప్పింది. ఊరి మురుగునీటిని ముందు సన్నటి పొరల్లోంచి వడపోస్తారు. తర్వాత ఆర్‌ఓ, ఆపైన అతినీలలోహిత కిరణాలు. దానికి న్యూవాటర్ అని పేరు. చాలా వరకు ఫ్యాక్టరీలకు పోతుంది, కొంత జలాశయాల్లో కలుపుతారు. 2002లో వాళ్ళ జాతీయ దినోత్సవం నాడు ప్రధానమంత్రితో సహా వేలమంది ఆ నీళ్ళ సీసాలు పైకెత్తి తాగారు. అదీ నాగరికత!

పార్వతి: అంటే ఊరందరి మురుగూ శుద్ధిచేసి తాగితే నాగరికత, మీ లుంగీ ఉతికిన నీళ్ళు మరుగుదొడ్డిలో పోస్తే మైల!

రాఘవరావు: అది... అక్కడ... యంత్రాలు వేరు... పద్ధతి...

పార్వతి: నీళ్ళు నమలకండి. టాంకరు రేపటికి గాని రాదు.

రాఘవరావు: అన్నీ నువ్వే చేస్తున్నట్టు మాట్లాడకు. ఇల్లు కట్టినప్పుడు ఇంకుడు గుంత తవ్వించింది ఎవరు? అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక, దగ్గరుండి పోయించాను.

పార్వతి: దగ్గరుండి ఫొటో కూడా తీయించారు. ఫొటో అందాల్సినవాళ్ళకు అందిన మర్నాడే దాని మీద బండలు పరిచి, కారు నిలబెట్టారు. పదకొండేళ్ళుగా ఆ గుంతలో ఇంకింది మీ కారు ఆయిలు ఒక్కటే.

రాఘవరావు: కారు వీధిలో పెట్టమంటావా?

పార్వతి: పెట్టండి. మన మిద్దె వంద చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీద వెయ్యి లీటర్లు. ఐదు సెంటీమీటర్లు పడితే అయిదు వేల లీటర్ల టాంకరు నేరుగా నెత్తిన దిగినట్టే. డబ్బు కట్టక్కర్లేదు, డ్రైవరుకు నాలుగుసార్లు ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు. అంతా కాలువలోకి పోతోంది. మీరేమో బోరు ఎండిందని ఇంకో మూడు వందల అడుగులు దింపుదామంటారు!

రాఘవరావు: లెక్కలు బాగానే ఉన్నాయి. వానేది మరి?

(ఉరుము. ఏప్రిల్ గాలివానలకు వేళాపాళా ఉండదు. తీగ మీద బట్టలు ఎగిరాయి. మిద్దె గొట్టంలోంచి నీళ్ళు ధారగా దూకాయి. రాఘవరావు లుంగీ ఎగగట్టి వానలోకి పరుగెత్తి, మొదట దొరికిన బకెట్ గొట్టం కింద పెట్టాడు.)

పార్వతి: ఆగండి! తొలినీళ్ళు పట్టకండి. వేసవి దుమ్ము, పావురాల రెట్టలు అన్నీ అందులోనే వస్తాయి. కాసేపు పోనివ్వండి.

రాఘవరావు: ఇందాకటి దాకా పోతున్నాయని ఏడ్చావు, ఇప్పుడు పోనిమ్మంటావా?

పార్వతి: చెప్పింది వినండి! ఊఁ... ఇప్పుడు తేటబడ్డాయి, పట్టండి.

రాఘవరావు: మూడూ నిండాయి! ఇంకో బకెట్ తే!

పార్వతి: ఏ నంబరు?

రాఘవరావు: నాలుగు!

పార్వతి: నాలుగో నంబరు లేదు.

రాఘవరావు: గిన్నెలు, గుండిగలు ఏదో ఒకటి తే! నంబరు తర్వాత వేసుకుందువుగాని!

పార్వతి: నెయిల్ పాలిష్ అయిపోయింది. ముందు ఆ కారు తాళాలు ఇలా పడేయండి.