మా పండ్లది గూడ పింటో వెరైటీనే

మా బామ్మర్ది ఇంట్ల గాజు తొట్టి నీళ్ళల్ల పెరిగే ఒక మొక్క ఉంది. ఉంది అంటే తక్కువ, వేంచేసి ఉంది. పేరు అనూబియాస్ పింటో. ఐదాకులు, మొత్తం కలిపితే నా అరచేయంత గూడ లేదు. పచ్చాకు మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు, రేటంతా ఆ మచ్చలకే. ఎంతకు కొన్నవ్ రా అంటే "బావా, అది రేర్" అంటడు గని రేటు చెప్పడు, పక్కన భార్య ఉంటది కదా.

మొన్న పెళ్లికని వరంగల్ పోతూ ఆ గాజు తొట్టిని ఆటోల ఒళ్ళో పెట్టుకోని తెచ్చి నల్గొండల మా ఇంట్ల దించిండు. నాలుగు రోజులు చూస్కోవాల్నట. పిల్లగాన్ని మా దగ్గర వదిలిపెట్టినప్పుడు గూడ ఇన్ని చెప్పలే. గడ్డను మట్టిల పూడ్చొద్దు, కుళ్ళుతది, అందుకే దారంతోని రాయికి కట్టిండు. లైటు ఆరు గంటలే, ఎక్కువైతే ఆకు మీద నాచు పడతది. ఎండకు నీళ్ళు వేడెక్కుతయ్, తొట్టికెల్లి ఫ్యాన్ తిప్పాలె. మరి నాకెల్లి? నేను మొక్కను కాదు కదా.

అసలు కథ నీళ్ళ కాడ. ఆర్‌ఓ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చిండు. నీళ్ళల్ల కరిగిన ఉప్పులను కొలిచే, పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ముంచి చూసి, అబ్బ ఉప్పులేం లేవు అని సంబరపడ్డడు. పడి, బ్యాగుల నుంచి కాల్షియం, మెగ్నీషియం ఉన్న పౌడర్ డబ్బా తీసి, బంగారం తూచే అంత చిన్న కాంటా మీద తూచి అదే నీళ్ళల్ల కలిపిండు! ఉప్పులు తీసినందుకు ఒక బిల్లు, మళ్ళ కలిపినందుకు ఇంకో బిల్లు. మా ఆవిడ చాయ్‌కని ఆ క్యాన్ల నుంచి ఓ గ్లాసు వంపుకోబోతే "అక్కా, అది మొక్కది!" అని ఒక్కటే అరుపు. అక్క చాయ్ బోరు నీళ్ళతోనే పెట్టింది, వాడే తాగిండు.

ఒకసారి ఆకు మొత్తం తెల్లగ వస్తే ఇంటింటికి పేడాలు పంచిండు. అరే, పచ్చదనం లేని ఆకు తిండి చేస్కోలేదు రా, మిగతా ఆకుల మీద పడి బతుకుతది అంటే, "అట్లాంటోళ్ళు మనింట్ల లేరా బావా" అని నాకెల్లి చూసిండు. పడమటి ఆఫ్రికాల ఏటి ఒడ్డు రాళ్ళకు పట్టుకోని పెరిగే జాతి అది, మొండిది, అక్కడ ఎవ్వడు మీటర్ ముంచిండు దానికి?

మూడో రోజు వీడియో కాల్. "బావా, మచ్చలు మంచిగున్నయా?"

మచ్చలు. మా నాయనమ్మది మర్రిగూడ దిక్కు. నేను, మా చెల్లె ఆ ఊరి బోరింగు నీళ్ళతోనే పెరిగినం. మా పండ్ల మీద గూడ తెల్లగ సున్నం మచ్చలు, వాటి మీద గోధుమ రంగు చారలు. మమ్మల్ని ఎవ్వడు రేర్ అనలే. మా చెల్లెను పెళ్లిచూపులల్ల నవ్వకు, నోరు మూసుకో అని కూసోబెట్టిండ్రు, మూడు సంబంధాలు నోరు చూసే పోయినయ్. మా నాయనమ్మ వంగిన నడుముతోనే పోయింది, పాడె మీద సక్కగ పడుకోబెట్టరాలే. అంతా ఆ నీళ్ళల్ల ఉన్న ఫ్లోరైడు పని. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు అది, రంగుండదు, వాసనుండదు, వాని పెన్నుకు దొరకదు. పటిక, సున్నంతోని దాన్ని తీసే పద్ధతికి లోకమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు, నాగపూర్‌ల నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు చేసిండ్రు, టాంజానియా దాక పోయింది, మా నాయనమ్మ బోరింగు కాడికి రాలే! భగీరథ నల్లాలు వచ్చినయ్ సరే, వంగిన ఎముక నల్లా తిప్పితే లేస్తదా? ఐదాకులకేమో కాంటా పెట్టి తూచి పోస్తడు!

నాలుగో రోజుకు క్యాన్ ఖాళీ, మా ఆవిడ పప్పుల పోసింది. తొట్టిల నీళ్ళు తగ్గినయ్, బోరు నీళ్ళే రెండు చెంబులు పోసిన. సాయంత్రం వాడొచ్చేసరికి చుట్టుకోని ఉన్న కొత్తాకు విచ్చుకోని ఉంది, సగం పచ్చ సగం తెలుపు. మురిసిపోయి, ఏం నీళ్ళు పోసినవ్ బావా అని అడిగిండు.

పండ్లన్నీ కనబడేటట్టు నవ్విన.