పొగాచర్ రెండూ గెలిచాడు కాబట్టి అలసట అబద్ధమా?

2024లో స్లొవేనియా సైక్లిస్ట్ తదేయ్ పొగాచర్ జిరో డి ఇటాలియా (ఇటలీలో జరిగేది), టూర్ డి ఫ్రాన్స్ అనే మూడు వారాల రేసులు రెండూ గెలిచినప్పటి నుంచి సైక్లింగ్ గ్రూపుల్లో ఒక వాదన తిరుగుతూనే ఉంది. మాటలు కొంచెం అటూ ఇటూ మారినా సారాంశం ఇది: "మూడు వారాల రేసు గెలిచాడు, నెల తిరిగేసరికి ఇంకో మూడు వారాల రేసు గెలిచాడు. అంటే అలసట అనేది మనసు చెప్పే సాకు. మధ్యలో ఒక్క రోజు కూడా వదలకుండా గట్టిగా ట్రైనింగ్ చేశాడు, అంతే. పాతకాలం వాళ్లు ఏటా ఇదే చేసేవాళ్లు, ఇప్పటివాళ్లే సుకుమారులు. పట్టుదల ఉంటే మనమూ చేయొచ్చు."

పొగాచర్ అంటే నాకు చాలా ఇష్టం. ఈ వాదన చూస్తే కోపం రావడానికి కారణం కూడా అదే. అతని విజయంలో నిజంగా నేర్చుకోదగ్గ విషయాన్నే ఇది తుడిచేస్తోంది. పైగా దీన్ని నమ్మి ఒళ్లు పాడుచేసుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

"రెండూ గెలిచాడు, అంటే అలసిపోలేదు."

గెలిచిన ఒక్కడినే చూస్తే ఏదైనా తేలికగానే కనిపిస్తుంది. 1998లో మార్కో పంటాని తర్వాత 26 ఏళ్లపాటు ఈ జంట విజయం ఎవరికీ దక్కలేదు. ఆ మధ్యకాలంలో ప్రయత్నించినవాళ్లు సామాన్యులేమీ కాదు. 2015లో అల్బెర్టో కొంటడార్ జిరో గెలిచాడు. ఆ రేసులోనే కిందపడి భుజం కీలు తప్పింది. అస్తానా జట్టు రోజూ దాడి చేస్తుంటే చివరి పర్వతాల దాకా కాచుకుంటూ రావాల్సి వచ్చింది. జూన్‌లో రూట్ డు సుద్ అనే చిన్న రేసు కూడా గెలిచాడు కాబట్టి ఫామ్ ఉందనే అందరూ అనుకున్నారు. జులైలో టూర్‌కు వచ్చేసరికి ఐదో స్థానం, క్రిస్ ఫ్రూమ్ కంటే 9 నిమిషాల 48 సెకన్లు వెనక. 2017లో నైరో కింతానా జిరోలో కేవలం 31 సెకన్ల తేడాతో రెండోవాడు, టూర్‌లో పన్నెండోవాడు.

2018 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఫ్రూమ్ అప్పటికే 2017 టూర్, వుయెల్టా (స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు) గెలిచి ఉన్నాడు. జిరోలో మొదటి రోజు జెరూసలేంలోనే, టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) దారి చూసుకుంటూ పడ్డాడు. రెండు వారాలపాటు వెనకబడే ఉన్నాడు. చివరికి 19వ స్టేజ్‌లో (ఒక్కో రోజు రేసు ఒక స్టేజ్), కొల్లే డెల్లె ఫినెస్త్రే కొండ మీద నుంచి గమ్యం దాకా 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, 3 నిమిషాల 22 సెకన్ల లోటును పూడ్చుకుని గులాబీ జెర్సీ (జిరోలో మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునేది) అందుకున్నాడు. అంతా అయ్యాక రెండోస్థానంలో నిలిచిన టామ్ డుమొలిన్‌తో తేడా 46 సెకన్లే. ఆ ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచకప్ వల్ల టూర్ వారం ఆలస్యంగా మొదలైంది, ఫ్రూమ్‌కు 34కు బదులు 41 రోజులు దొరికాయి. అయినా టూర్‌లో మూడోస్థానమే. గెలిచింది అతని సొంత జట్టులోని గెరైంట్ థామస్. ఆ ఏడాది థామస్ జిరో తొక్కలేదు.

ఇప్పుడు 2024 చూడండి. పొగాచర్ జిరోలో రెండో రోజు ఓరోపా కొండ మీద గులాబీ జెర్సీ వేసుకున్నాడు, రోమ్ దాకా విప్పలేదు. రెండోస్థానంలో నిలిచినవాడితో తేడా 9 నిమిషాల 56 సెకన్లు. ఆరు స్టేజ్‌లు గెలిచాడు కాబట్టి బద్ధకంగా తొక్కాడని ఎవరూ అనలేరు. కానీ ఎప్పుడు కష్టపడాలో, ఎప్పుడు గుంపులో దాక్కోవాలో ఎంచుకునే స్వేచ్ఛ అతని చేతిలో ఉంది. కొంటడార్‌కు, ఫ్రూమ్‌కు ఆ స్వేచ్ఛ లేదు. మొదటి రేసు ఖరీదు ఎంత పడిందన్నదే రెండో రేసు భవితవ్యాన్ని తేల్చింది. ఈ ముగ్గురి తేడా నాకు ప్రధానంగా ఇక్కడే కనిపిస్తుంది.

ఇక్కడ సెప్ కుస్ పేరు తెచ్చేవాళ్లున్నారు. 2023లో మూడు గ్రాండ్ టూర్లూ (జిరో, టూర్, వుయెల్టా) తొక్కి మూడోదైన వుయెల్టా గెలిచాడు కదా అని. అద్భుతమే. కానీ జిరోలో రోగ్లిచ్‌కు, టూర్‌లో వింగెగార్డ్‌కు, అంటే తన జట్టు నాయకులకు, సహాయకుడిగా తొక్కాడు. సహాయకుడు తన కొండ పని అయిపోయాక వేగం తగ్గించుకుని నెమ్మదిగా గమ్యం చేరొచ్చు. జెర్సీ కోసం పోరాడేవాడికి 21 రోజుల్లో ఒక్క రోజు కూడా అలా వదిలేసే వీలుండదు. ఆడమ్ హాన్సెన్ వరుసగా 20 గ్రాండ్ టూర్లు పూర్తి చేశాడు. పూర్తి చేయడం వేరు, రెండుసార్లు గెలవడం వేరు.

ప్రత్యర్థుల సంగతి కూడా మరిచిపోవద్దు. పొగాచర్‌కు ప్రధాన ప్రత్యర్థి జొనాస్ వింగెగార్డ్ 2024 ఏప్రిల్ 4న బాస్క్ రేసులో పడి కాలర్ బోన్, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు, ఊపిరితిత్తికీ గాయమైంది. 12 రోజులు ఆస్పత్రిలో ఉండి, పన్నెండు వారాల్లోనే టూర్ మొదలుపెట్టాడు. ఇది చెబితే పొగాచర్ విజయం చిన్నదైపోదు. అలసట లేదని నిరూపించడానికి మాత్రం ఆ ఏడాది మంచి పరీక్ష కాదు.

"మధ్యలో నెల రోజులూ ఆపకుండా ట్రైనింగ్ చేశాడు."

మొత్తం వాదనలో అన్నిటికంటే తప్పు మాట ఇదే, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే.

జిరో 2024 మే 26న రోమ్‌లో ముగిసింది. టూర్ జూన్ 29న ఫ్లోరెన్స్‌లో మొదలైంది. మధ్యలో 34 రోజులు. ఈ 34 రోజుల్లో పొగాచర్ ఒక్క రేసు కూడా తొక్కలేదు. అసలు పొదుపు అంతకుముందే మొదలైంది. ఆ ఏడాది జిరోకు ముందు అతని రేసు రోజులు పదే: స్ట్రాడె బియాంకె, మిలాన్–సాన్ రెమో, ఏడు రోజుల కాటలూన్యా, లియెజ్. దాదాపు ఎక్కడికెళ్లినా గెలిచే మనిషి, ఇంకా ఎన్నో రేసులకు పిలుపు ఉన్న మనిషి, పదికే సరిపెట్టుకున్నాడు.

మూడు వారాల రేసు నుంచి దిగిన రైడర్‌కు కొత్తగా ఫిట్‌నెస్ తెచ్చిపెట్టాల్సిన అవసరం లేదు. 79 గంటలకు పైగా రేసు తొక్కి వచ్చాడు, అంతకు మించిన ట్రైనింగ్ ఏముంది? ఆ శ్రమను ఒళ్లు జీర్ణం చేసుకోనివ్వడమే ముందున్న పని. అందుకే కోచ్‌లు సాధారణంగా మొదటి వారం దాదాపు ఖాళీగా వదిలేస్తారు: నిద్ర, తిండి, కాళ్లు ఆడించడానికి గంటో రెండు గంటలో తేలిక సవారీ. వారం రోజులు తగ్గించినంత మాత్రాన ఇలాంటి రైడర్ దమ్ము ఎటూ పోదు. ఆ తర్వాత ఎత్తైన ప్రదేశంలో క్యాంపు. పొగాచర్ ఫ్రాన్స్‌లోని ఇసోలా 2000కు వెళ్లాడు. సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. అక్కడ గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తక్కువ కాబట్టి మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ (ఈపీఓ) అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి, దాంతో ఎర్రరక్తకణాలు పెరుగుతాయి. ఇది రెండు మూడు రోజుల్లో అయ్యే పని కాదు, వారాలు కావాలి. ఒంట్లో ఐరన్ తగ్గిపోయి, నిద్ర లేక, అలిసిపోయిన స్థితిలో కొండెక్కితే పెద్దగా ఫలితం ఉండదు. ముందు విశ్రాంతి, తర్వాత ఎత్తు అనే వరుస అందుకే. గట్టి ట్రైనింగ్ ఉన్న మాట నిజమే, కానీ అది ఈ మధ్య రోజుల్లో ఒక భాగం మాత్రమే. చివరి రోజుల్లో మళ్లీ తగ్గించుకుంటూ రావాలి.

క్యాంపు కోసం ఆ చోటునే ఎంచుకోవడంలోనూ తెలివి ఉంది. 2024 టూర్ 19వ స్టేజ్ ఇసోలా 2000 మీదే ముగిసింది. మరుసటి రోజు స్టేజ్ కొల్ ద లా కుయోల్ కొండ మీద, అదీ ఆ పక్కనే. రెండూ అతనే గెలిచాడు. ఎత్తుకు అలవాటు పడటం, దారి చూసుకోవడం ఒకే ప్రయాణంలో అయిపోయాయి. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా, టూర్‌కు కొద్ది రోజుల ముందు కోవిడ్ సోకిందని అతనే ఫ్లోరెన్స్‌లో చెప్పాడు.

ఇంకోటి, తిండి. ఒకప్పుడు సవారీలో గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్లే గరిష్ఠం అనుకునేవాళ్లు. ఇప్పుడు ప్రొఫెషనల్ రైడర్లు 90 నుంచి 120 గ్రాముల దాకా తీసుకుంటున్నారు. రోజూ ఖాళీ అయిపోకుండా ఉంటే మూడో వారానికి పేరుకునే అప్పు తగ్గుతుంది. కొంటడార్ తరంలో ఇది ఇంతగా వాడుకలో లేదు.

"పాతకాలం వాళ్లు ఏటా చేసేవాళ్లు."

ఏటా కాదు. 1949లో ఫౌస్తో కొప్పి మొదలు 2024 దాకా ఈ డబుల్ సాధించినవాళ్లు ఎనిమిది మంది: కొప్పి, అంక్తీల్, మెర్క్స్, ఇనో, రోష్, ఇందురైన్, పంటాని, పొగాచర్. అన్నీ కలిపితే 13 సార్లు. మెర్క్స్ ఒక్కడే మూడుసార్లు చేశాడు, 1970, 1972, 1974లో. ఆ 1974లో జిరో తేడా 12 సెకన్లు. తర్వాత టూర్ ద స్విస్ గెలిచి, టూర్ డి ఫ్రాన్స్‌కు కొద్ది రోజుల ముందు జీను ఒరుసుకునే చోట ఒంటికి ఆపరేషన్ చేయించుకుని, ఆ పుండుతోనే తొక్కాడు. సుకుమారుల గురించి మాట్లాడేవాళ్లకు ఇది నచ్చుతుంది. ఆ తర్వాత మెర్క్స్ మళ్లీ టూర్ గెలవలేదు. 1978లో, 33 ఏళ్లు నిండకముందే రిటైరయ్యాడు. ఆ ఒక్క ఏడాదే కారణమని అనడం లేదు. కానీ పాతకాలం వాళ్లు అలిసిపోలేదని చెప్పడానికి ఆయన పేరు వాడుకోవడం అన్యాయం.

పంటాని ఉదాహరణ అసలే పనికిరాదు. ఆయన 1998 టూర్ నమూనాల్లో ఈపీఓ ఉన్నట్లు 2013లో ఫ్రెంచ్ సెనేట్ నివేదిక బయటపెట్టింది. కృత్రిమంగా ఎర్రరక్తకణాలు పెంచుకున్న కాలాన్ని పట్టుదలకు కొలతగా పెట్టుకోలేం.

"అలసట మనసు చెప్పే సాకు."

కండరాల్లో గ్లైకోజెన్ ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. కాళ్లు తేలికపడ్డాయి అనిపించేది అప్పుడే, మోసపోయేదీ అప్పుడే. కండరాల్లోని చిన్న చిన్న గాయాలు, హార్మోన్లు, నిద్ర, రోగనిరోధక శక్తి అంత తొందరగా సర్దుకోవు. గ్రాండ్ టూర్ మూడో వారంలో రైడర్లందరికీ తెలిసిన గుర్తు ఒకటుంది: ఎంత బలంగా తొక్కినా హార్ట్ రేట్ మామూలుగా పెరిగేంత పెరగదు. మనసుకు నచ్చజెబితే అది పెరగదు.

మనసు కూడా అలిసిపోతుంది, అదీ ఒంట్లో భాగమే. 21 రోజులు తడి రోడ్ల మీద, గుంపు మధ్యలో, పడిపోతామేమోనన్న టెన్షన్. రోజూ ప్రెస్ మీట్లు, డోపింగ్ పరీక్షలు, కొత్త హోటల్. 2024 టూర్ తర్వాత పొగాచర్ పారిస్ ఒలింపిక్స్ వదులుకున్నాడు, కారణాల్లో విపరీతమైన అలసట ఒకటని స్లొవేనియా ఒలింపిక్ కమిటీయే చెప్పింది. ఆ ఏడాది వుయెల్టా కూడా వదిలేశాడు. సెప్టెంబర్‌లో జ్యూరిక్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2025లో జిరో జోలికే పోలేదు, టూర్ గెలిచాడు. అయినా చివరి వారంలో అలసట ముఖంలోనే కనిపించింది, అతనూ దాచలేదు. వుయెల్టాకు మళ్లీ వెళ్లలేదు. సాకు చెప్పడం అతనికి అలవాటైతే ఇన్ని జెర్సీలు వచ్చేవి కావు.

"మనమూ చేయొచ్చు."

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒకే సీజన్‌లో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెట్లు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సవారీలు) పూర్తి చేసే మిత్రులకు ఇది నేరుగా చెబుతున్నాను. పొగాచర్‌కు రేసు అయ్యాక మసాజ్ చేసేవాళ్లున్నారు, వంటవాళ్లున్నారు, రక్తం రిపోర్టులు చూసే డాక్టర్లున్నారు. తొక్కడం తప్ప వేరే ఉద్యోగం లేదు. మీరు 40 గంటల గడువున్న 600 బ్రెవెట్‌లో ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుని ఆదివారం రాత్రి ఇల్లు చేరతారు, సోమవారం పొద్దున ఆఫీసు. ఆ వారంలోనే ఇంటర్వల్స్ (మధ్యమధ్యలో ఆగుతూ గట్టిగా తొక్కే సాధన) మొదలుపెట్టమనే పోస్టు మీకు మేలు చేయదు. ఒక వారం పూర్తిగా తేలికగా తొక్కండి. పొద్దున లేవగానే నాడి చూసుకుని రాసిపెట్టుకోండి. అది మామూలుకంటే ఎక్కువగా ఉన్నా, రోజూ ఎక్కే కొండ మీద ఎంత తొక్కినా హార్ట్ రేట్ పెరగకపోయినా ఆ రోజు వెనక్కి తిరిగి వచ్చేయండి. మోకాలి నొప్పి వారం దాటితే డాక్టర్‌కు చూపించుకోండి, తర్వాతి బ్రెవెట్‌కు ఫీజు కట్టేసి ఉన్నా సరే.