నలభై ఫ్లాట్లు, పదివేల కనెక్షన్లు

హైదరాబాద్‌లో వెబ్ సర్వర్ల, అంటే అడిగినవాళ్లకు వెబ్ పేజీలు అందించే ప్రోగ్రాముల, కొరత తీవ్రంగా ఉంది. ఈ సంగతి ఏ పత్రికా రాయదు, ఏ నాయకుడూ మాట్లాడడు. అపాచీ 1995 నుంచి ఉంది కదా, ఎన్‌జిన్‌ఎక్స్ 2004 నుంచి ఉంది కదా, రెండూ ఉచితమే కదా అంటారు తెలియనివాళ్లు. ఉచితమే. కానీ వాటిలో క్షమించరాని లోపం ఒకటుంది: పెట్టగానే పనిచేస్తాయి. పనిచేసే వస్తువుతో మాదాపూర్ కుర్రాడు ఏం చేసుకోవాలి? రెజ్యూమేలో ఏమని రాసుకోవాలి, ఇన్‌స్టాల్ బటన్ నొక్కానని రాసుకోవాలా? అందుకే పైథాన్ లాంటి స్క్రిప్టింగ్ భాషలో, శనాదివారాల్లో, ఎవరికి వారు సొంతంగా ఈవెంట్లతో నడిచే తేలికపాటి సర్వర్ రాసుకునే ఉద్యమానికి నా సంపూర్ణ మద్దతు తెలియజేస్తున్నాను.

ఎవరి కోసం రాయడం అని కొందరు అడ్డు ప్రశ్నలు వేస్తారు. 1999లో డాన్ కెగెల్ అనే ఆయన, ఒకే మిషన్ మీదికి పదివేల మంది ఒక్కసారిగా వస్తే సర్వర్ తట్టుకోవద్దా అని అడిగాడు. సీ-టెన్-కే సమస్య అని దానికి పేరు. ప్రపంచం ఆ పదివేలను ఎప్పుడో దాటిపోయింది. నిజాంపేటలోని మా అపార్ట్‌మెంట్ ఇప్పుడిప్పుడే అక్కడికి చేరుకుంది. మావి 40 ఫ్లాట్లు. టాంకర్ ఎన్నింటికొస్తుందో లిఫ్టు పక్కన కాగితం అంటించేవాళ్లం. ఐదో అంతస్తు అబ్బాయి ఆ కాగితం పీకేసి, దాని బదులు పైథాన్‌లో సర్వర్ రాశాడు. పదివేల మంది ఒకేసారి టాంకర్ టైము అడిగినా చెక్కుచెదరదట. టాంకర్లో నీళ్లు 40 ఇళ్లకే చాలవు గానీ, అది హార్డ్‌వేర్ సమస్య. అతని పరిధిలోకి రాదు.

ఈ ఈవెంట్ల పద్ధతి గొప్పతనం తెలియాలంటే సర్కారీ ఆఫీసు తెలిసుండాలి. పాతకాలపు అపాచీ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను (విడిగా నడిచే ప్రోగ్రాము కాపీని) అప్పగించేది. అంటే ప్రతి అర్జీదారుకూ ఒక ఆఫీసరు, ఒక కుర్చీ, ఒక ఫ్యాను. అర్జీదారు సంచీలో ఆధార్ జిరాక్స్ వెతుక్కుంటున్నంతసేపూ ఆఫీసరు గారు జీతం తీసుకుంటూ చూస్తూ కూర్చుంటారు. ఎక్కడ కదలిక వస్తే అక్కడి పని చూస్తూ తిరిగే ఈవెంట్ లూప్‌లో గుమాస్తా ఒక్కడే. "కాగితం పెట్టి పొండి, అయినాక పిలుస్తం" అంటాడు. ఆ పిలుపే కాల్‌బ్యాక్. ఎవరి పని కదిలిందో చూసొచ్చి చెప్పే అటెండరు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్. సెలెక్ట్ అనే పాత అటెండరుకు ప్రతిసారీ మొత్తం జాబితా చేతికివ్వాలి, అతను మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా అడుగుతూ పోతాడు. పైగా 1023 దాటిన టోకెన్ నంబరు అతనికి చదవడం రాదు. తర్వాత వచ్చిన ఈపోల్ జాబితాను ఒక్కసారే రాయించుకుని, కదలిక ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే తెస్తాడు. మన గుమాస్తాలు తరతరాలుగా నడుపుతున్న ఈ పద్ధతినే 2009లో ర్యాన్ డాల్ అనే ప్రోగ్రామరు, జావాస్క్రిప్ట్‌లో సర్వర్లు రాసుకునే నోడ్ జేఎస్ అని బెర్లిన్‌లో ప్రదర్శించాడు. మనవాళ్లకు ఒక్క కృతజ్ఞతా వాక్యమైనా చెప్పలేదన్న వెలితి నాకుంది.

ఈ పద్ధతికి నియమం ఒకటే: గుమాస్తా ఎవరి కోసమూ ఆగకూడదు. మా సెక్రటరీ గారు, ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా టాంకర్ ఎక్కడిదాకా వచ్చిందో టాంకరువాడి సైటును అడిగి చెప్పాలన్నారు. అబ్బాయి మామూలు కాల్ పెట్టాడు. ఆ సైటు పలకదు. గుమాస్తా ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు, వెనక 39 ఫ్లాట్లు ఉండిపోయాయి. "అది బ్లాకింగ్ కాల్ అంకుల్" అన్నాడు అబ్బాయి, జ్వరం పేరు చెప్పే డాక్టరు లాగా. పైథాన్‌లో 2015 నుంచి అవెయిట్ అనే మాట ఉంది: జవాబు వచ్చేదాకా ఈ పని పక్కన పెట్టి మిగతావాళ్లను చూడమని దానర్థం. ఇప్పుడు ఎక్కడ చూసినా దాన్నే తగిలించాడు. అతనికది కొత్తేం కాదు. మెయింటెనెన్స్ డబ్బుల విషయంలో మమ్మల్ని మొదటి నుంచీ అవెయిట్‌లోనే ఉంచాడు.

అన్నిటికన్నా మోసం డిస్కు మీది మామూలు ఫైలుది. సెలెక్ట్‌ను పంపి అడిగిస్తే ఎప్పుడూ సిద్ధమే అంటుంది. ఈపోల్ అయితే దాని అర్జీయే తీసుకోడు. తీరా చదవబోతే, డిస్కు తెచ్చిచ్చేదాకా గుమాస్తా రికార్డు రూము గుమ్మంలో నిలబడాల్సిందే. థ్రెడ్ల (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే పనిచేసే సహాయ గుమాస్తాల) జోలికి పోవద్దని ఊరంతా చాటిన నోడ్ జేఎస్ కూడా ఫైళ్లు చదవడానికి లోపల నాలుగు థ్రెడ్లు పెట్టుకుంటుంది. ఉద్యమాలన్నాక ఇలాంటివి ఉంటాయి, మైకులో చెప్పుకోరు.

ఇక తేలికపాటి అన్న మాట. సర్వర్ మొత్తం ఒక్క స్క్రీన్‌లో పడుతుంది. అంత తేలిక ఎలా వచ్చిందంటే, అడ్రసులో రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్‌లోకి ఎగబాకేవాళ్లను ఆపే వరసలు రాయలేదు. ఆ పై ఫోల్డర్‌లో మా కమిటీ లెక్కలున్నాయి. మూడో అంతస్తు టీచరు గారి కూతురు, ఇంటర్ చదువుతోంది, రెండు చుక్కలు కొట్టి చూసింది. లిఫ్టు రిపేరు బిల్లు, అసలు జరగని పెయింటింగ్ బిల్లు, వినాయక చవితి మిగులు, అన్నీ వరసగా కనిపించాయి. అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచి ఇంత పారదర్శకత మేమెరగం. టాంకర్ పేజీ మొరాయించినప్పుడు నెలల తరబడి కదలని కమిటీ, ఈ లోపం మీద ఆ రాత్రే అత్యవసర సమావేశం పెట్టింది. తెల్లారేసరికి ఆ దారి మూసేయించారు. మా సర్వర్‌లో ఏకగ్రీవంగా సరిచేసిన లోపం ఇంతవరకు ఇదొక్కటే.

సామర్థ్య పరీక్ష కూడా జరిగింది. పదివేల కనెక్షన్లు కొడదామని కూర్చుంటే, 1024 దగ్గర అబ్బాయి ల్యాప్‌టాపే ఇక ఫైళ్లు తెరవనంది. లైనక్స్ లెక్కలో ప్రతి కనెక్షనూ ఒక తెరిచిన ఫైలే, మామూలుగా ఒక ప్రాసెస్‌కిచ్చే పరిమితి అదే. పరిమితి పెంచి మళ్లీ కొట్టాడు, సర్వర్ నెగ్గింది. ఆ పదివేల మందీ అతనే కనుక టాంకర్ గురించి ఎవరూ గొడవ చెయ్యలేదు.

అయితే ఒక చిక్కు బయటపడింది. లూప్ ఒక్కటే కావడంతో మిషన్‌లోని నాలుగు కోర్లలో, అంటే లెక్కలు చేసే బుర్రల్లో, ఒక్కటే చెమటోడుస్తోంది, మిగతా మూడూ ఖాళీగా కూర్చున్నాయి. రెండో వెర్షన్‌లో కోర్‌కొక ప్రాసెస్ చొప్పున నాలుగు, వాటిని కనిపెట్టుకుని ఉండటానికి పైన ఇంకొకటి పెడతానన్నాడు. ప్రాసెస్‌లు ఎక్కువైపోయాయనే కదా బాబూ ఇదంతా మొదలుపెట్టింది అని ఎవరో అడగబోతే సెక్రటరీ గారు కూర్చోబెట్టారు. ఐదు ప్రాసెస్‌లకూ తీర్మానం ఆమోదించాం. రాత్రి డ్యూటీకి వాచ్‌మన్‌కు తోడుగా ఇంకో మనిషిని పెట్టే విషయం మాత్రం, ఖర్చు దృష్ట్యా, వచ్చే జనరల్ బాడీకి వాయిదా వేశాం.