‘స్విఫ్ట్ ధరకే బెంజ్’ లెక్కలో కలపని ఖర్చులు

వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో ఒక మాట రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇదీ: “కొత్త స్విఫ్ట్‌కి ఎనిమిది, తొమ్మిది లక్షలు పోసేవాడు అమాయకుడు. అదే డబ్బుకి పదేళ్ల నాటి బెంజ్ సీ క్లాసో, బీఎండబ్ల్యూ త్రీ సిరీసో, ఆడి ఏ4నో వస్తుంది. తరుగంతా మొదటి ఓనరే మోసేశాడు. జర్మన్ ఇంజిన్ ఐదు లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఇప్పుడు ఇండియాలోనే తయారవుతున్నాయి కాబట్టి పార్టులు చవక. షోరూమ్‌కి పోకుండా బయట చేయించుకుంటే మెయింటెనెన్స్ మామూలు కారంతే. ఢిల్లీ బండయితే ఇంకో రెండు లక్షలు తక్కువ. పైగా సేఫ్టీ.” కింద తళతళలాడే నల్ల కారు ఫొటో, ఒక ఫోన్ నంబరు.

ఆ నంబరు సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవాళ్లదే అయి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. అయినా ఒక్కో మాటా తీసుకుని చూడటం మంచిది. వీటిలో పచ్చి అబద్ధం అంటూ ఏదీ లేదు, ప్రతిదాంట్లో సగం నిజం ఉంది. జనం పడిపోతున్నది ఆ సగానికే.

మొదటిది, ధర. నిజమే, వస్తుంది. కొత్తలో నలభై లక్షలు దాటిన బండి పదేళ్లకి ఏడెనిమిది లక్షలకి దిగుతుంది. కానీ బండి పాతబడితే పడిపోయేది బండి ధర ఒక్కటే, దాని హెడ్‌లైట్ ధర పడిపోదు. కంపెనీ ఎల్‌ఈడీ హెడ్‌లైట్ సెట్టు ఒక్క వైపుదే లక్ష దాటే మోడళ్లున్నాయి. స్విఫ్ట్‌కి నాలుగు టైర్లు వేయించే డబ్బుతో త్రీ సిరీస్‌కి రెండు రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) వస్తే గొప్ప. ఆ రన్‌ఫ్లాట్ పక్క గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి మన గుంతల్లో దెబ్బ తగిలితే బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకి పంక్చర్ వేసినట్టు ఏదో ఒకటి చేసి నెట్టుకురాలేం, మార్చాల్సిందే. మీరు కొన్నది ఎనిమిది లక్షల కారైనా, మీరు పోషించేది నలభై లక్షల కారు.

ఇక్కడ ‘మెయింటెనెన్స్ మామూలు కారంతే’ అనే మాట కూడా తేల్చేద్దాం, ఎక్కువమంది మునిగేది ఇక్కడే. అమ్మేవాళ్లు చూపించేది ఏడాదికోసారి చేసే ఆయిల్ సర్వీసు బిల్లు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు. ఆ బిల్లు నిజంగానే భరించేలా ఉంటుంది. బండిని దెబ్బ తీసేది ఆ బిల్లు కాదు. కిలోమీటర్లతో సంబంధం లేకుండా వయసుతో పాడయ్యే సామాన్లు కొన్ని ఉంటాయి: సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లు, ఇంజిన్ మౌంట్లు, కూలెంట్ పోయే ప్లాస్టిక్ పైపులు, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఆయిల్ కారే గాస్కెట్లు. రబ్బరు, ప్లాస్టిక్ ఎండకి గట్టిపడి పగులుతాయి. మన ఎండల సంగతి తెలిసిందే. ఇవన్నీ ఇంచుమించు ఎనిమిదో ఏడు నుంచి పన్నెండో ఏడు మధ్యలో వరసగా వస్తాయి. మొదటి ఓనరో, రెండో ఓనరో ఆ బిల్లు అంచనా విన్నాకే బండిని అమ్మకానికి పెడతాడు. ధర అంత తక్కువకి దిగడానికి ఒక కారణం అదే.

ర్యాంప్ మీదకి ఎత్తిస్తే ఇది కంటితో చూడొచ్చు. త్రీ సిరీస్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముల్లో ఒకదానికి మామూలు రబ్బరు బుష్ కాకుండా లోపల ద్రవం ఉన్న బుష్ ఉంటుంది. అది పగిలితే ఆర్మ్ మీద నల్లటి జిడ్డు చార కనబడుతుంది, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. మెకానిక్ ఇనప రాడ్ పెట్టి ఒక్క నూకు నూకితే కదలకూడని ఆర్మ్ ఊగుతుంది. అరవైలో వెళ్తూ బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణికితే చాలామంది ‘అలైన్‌మెంట్ చేయిస్తే పోద్ది’ అనుకుంటారు. పోదు. ఒకవైపు మార్చి వదిలేద్దామన్నా కుదరదు, రెండు వైపులా జతగా మార్చాలి. అప్పుడే పక్క ఆర్ములూ చూస్తే అవీ వదులై ఉంటాయి. మొత్తం తడిసి మోపెడవుతుంది.

‘తరుగంతా మొదటి ఓనరే మోశాడు’ అన్నది చాలావరకు నిజం. ఒక్క మాట కలపాలి. మీరు అమ్మే రోజుకి బండికి పదమూడేళ్లో పద్నాలుగేళ్లో వస్తాయి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే కాబట్టి కొనేవాడు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గురించి, రెన్యువల్ గురించి ఆలోచిస్తాడు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000కి పెరిగింది. విదేశాల నుంచి నేరుగా దిగుమతైన కారుకి అప్పుడు అది 40,000 అయింది. ఫీజు పెద్ద భారం కాకపోయినా బేరమాడేవాడికి మంచి సాకు.

ఇప్పుడు అసలు గొప్ప, జర్మన్ ఇంజిన్. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. బెంజ్ 1995లో పుణెలో తొలిసారి బిగించి అమ్మిన డబ్ల్యూ124 ఈ క్లాసులు ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతున్నాయి. ఆ కాలపు డీజిల్ ఇంజిన్లలో కామన్ రైల్ (డీజిల్‌ని ఎక్కువ ఒత్తిడితో చిమ్మే ఏర్పాటు) లేదు, పొగలోని మసిని పట్టి ఆపే డీపీఎఫ్ ఫిల్టరు లేదు. అవి లక్షల కిలోమీటర్లు తిరిగాయి. ఆ పేరు తెచ్చి 2012 నాటి బండికి తగిలిస్తే ఎలా?

2012 ప్రాంతంలో మన దగ్గర ఎక్కువగా అమ్ముడైన బీఎండబ్ల్యూ 320డి, 520డిల్లో ఉన్నది ఎన్47 అనే రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్. దాని టైమింగ్ చెయిన్ (వాల్వులనీ పిస్టన్లనీ ఒకే లయలో కదిలించే గొలుసు) ఇంజిన్ ముందు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఆ చెయిన్ సాగడం, గైడ్లు విరగడం ప్రపంచమంతా తెలిసిన సమస్య. ముందువైపు ఉంటే చాలావరకు ఇంజిన్ దింపకుండానే అయ్యే పని, వెనకుండటంతో ఇంజినో గేర్‌బాక్సో దింపితేగానీ అవదు. చెయిన్ ధర కన్నా దింపి ఎక్కించే కూలీ ఎక్కువ. దింపకుండా నడిపి చెయిన్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజినే పోతుంది. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేయగానే వెనకవైపు నుంచి గరగరమనే చప్పుడొస్తే అది దాని ముందస్తు కబురు. ఆ కాలపు బెంజ్ 220 సీడీఐ, 250 సీడీఐ బళ్లలోని ఓఎం651 ఇంజిన్‌కీ చెయిన్ వెనకే. మొదట్లో వచ్చిన వాటిలో ఇంజెక్టర్లు ఇబ్బంది పెట్టాయి. చాలావాటికి మార్చారు, మీరు చూస్తున్న బండికి మార్చారో లేదో బిల్లు చూస్తేనే తెలుస్తుంది. అంటే ఇవన్నీ చెత్త ఇంజిన్లని కాదు. చరిత్ర తెలిసినవి హాయిగా రెండు, రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. చరిత్ర తెలియని ఇంజిన్ గురించి ‘ఐదు లక్షలు’ అని ఎవరైనా అంటే అది వాళ్ల కోరిక మాత్రమే.

గేర్‌బాక్స్ దగ్గర ఇంకో మాట వినబడుతుంది: ‘ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు, కంపెనీయే చెప్పింది’. బీఎండబ్ల్యూలో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ తయారుచేసేది జడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. ఆ జడ్‌ఎఫే ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. ఫిల్టర్ విడిగా రాదు, కింది ప్లాస్టిక్ ట్రేతో కలిపి ఒకే ముక్కగా మార్చాలి. లక్షన్నర తిరిగిన బండికి ఒక్కసారీ ఈ పని జరగకపోతే ఆ ఖర్చు మీ వాటా అనుకుని బేరమాడండి. ఆడి ఏ4, ఏ6 డీజిళ్లలో మల్టీట్రానిక్ అనే సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) ఉన్నవైతే నేను దూరం నుంచే దండం పెడతాను.

డీజిల్ కొనేవాళ్లు తమ దారి కూడా చూసుకోవాలి. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లి రావడమే పనైతే డీపీఎఫ్‌లో మసి కాలడానికి కావలసిన వేడి రాదు. అది నిండుతూ నిండుతూ ఒకరోజు వార్నింగ్ లైటు వేసి, పికప్ పోతుంది. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట తోలే అలవాటున్నవాళ్లకి ఈ బెడద తక్కువ.

ఇండియాలో తయారీ అన్నది రెండు ముక్కల్లో తేలిపోతుంది. బీఎండబ్ల్యూ 2007 నుంచి చెన్నై దగ్గర, బెంజ్ పుణెలో, ఆడి ఔరంగాబాద్‌లో చేస్తున్నది ఎక్కువగా బిగింపు. సామాను పెట్టెల్లో బయటి నుంచి వస్తుంది. బండి ఇక్కడ బిగిస్తే కట్టే సుంకం తగ్గుతుంది, అందుకు చేస్తున్నారు. మీకు కావలసిన ఏబీఎస్ మాడ్యూల్ మాత్రం మారుతి సామానులా సికింద్రాబాద్ రాణీగంజ్ కౌంటర్ మీద దొరకదు.

బయట గ్యారేజీ మాటలో బలం ఉంది. హైదరాబాద్, విజయవాడల్లో జర్మన్ బళ్లు మాత్రమే చేసే గ్యారేజీలున్నాయి. మంచి స్కానర్లు, కంపెనీలో పనిచేసి వచ్చిన కుర్రాళ్లు. చాలా పనులు షోరూమ్ బిల్లులో సగానికే అవుతాయి. పాత బండికి షోరూమ్‌కి వెళ్లమని నేనూ చెప్పను. అయితే ఈ సలహా ఊరిని బట్టి ఉంటుంది. ఖమ్మంలోనో, కర్నూలులోనో ఉండి, బండి ఆగిపోయిన ప్రతిసారీ ఫ్లాట్‌బెడ్ మీద రెండు వందల కిలోమీటర్లు పంపించాలంటే ఆ సగం లెక్క తారుమారవుతుంది. బీఎండబ్ల్యూకి బ్యాటరీ మార్చినా స్కానర్‌తో కొత్త బ్యాటరీ అని నమోదు చేయించాలి. లేకపోతే పాతదనుకునే ఛార్జ్ చేస్తుంది, కొత్తది తొందరగా పోతుంది. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, ముంబై కుర్లాల నుంచి సెకండ్స్ (పాత బళ్ల నుంచి విప్పిన) సామాను తెప్పిస్తామంటారు. డోరు, సీటు, అద్దం వరకు తీసుకోవచ్చు. కంట్రోల్ మాడ్యూళ్లలో చాలావాటికి పాత బండి చాసిస్ నంబరు రాసి ఉంటుంది, మీ బండికి కోడింగ్ పడకపోతే అది ఉత్త అల్యూమినియం డబ్బా. ఎయిర్‌బ్యాగ్ మాత్రం సెకండ్స్‌లో అస్సలు వద్దు.

ఇక ఢిల్లీ బండి. అగ్గువ ఎందుకో అందరికీ తెలుసు. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు దాటితే అక్కడ తిరగకూడదనే నిబంధనని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) పెడితే సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. 2025లో కొంత ఊరట ఇచ్చినా భయం పోలేదు. అందుకే పదేళ్లకి దగ్గరపడ్డ డీజిళ్లన్నీ దక్షిణాదికి దిగుతున్నాయి. బండి మీద నాకేం అభ్యంతరం లేదు, కాగితాల మీదే ఉంది. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకి మించి ఇక్కడ ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ ఉండాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. మెసేజ్‌లో చెప్పనిది ఇదే: ఆ ట్యాక్స్‌ని మీరు కొన్న ఏడు లక్షల మీద లెక్కకట్టరు, షోరూమ్ ఇన్వాయిస్ ధర మీద కడతారు. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది, కానీ నలభై లక్షల ఇన్వాయిస్ మీద ఒక్కో శాతం నలభై వేలు. ‘రెండు లక్షలు తక్కువ’ అన్నది ఇక్కడే ఆవిరైపోతుంది. ట్యాక్స్ కట్టకుండా ఢిల్లీ నంబరుతోనే తిరిగేద్దామనుకునేవాళ్ల బళ్లని ఆర్టీఏ వాళ్లు పట్టుకున్న వార్తలు మనం చూస్తూనే ఉన్నాం.

చవకగా దొరికే ఇంకో రకం నీళ్లలో మునిగినవి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో బేస్‌మెంట్లు నిండాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. పైన ఎంత కడిగినా రీలు లోపలి చివర్లో బురద గీత మిగిలిపోతుంది. డిక్కీ కార్పెట్ ఎత్తి చూడండి, చాలా బీఎండబ్ల్యూలకి బ్యాటరీ అక్కడే ఉంటుంది. బోల్టుల మీద తుప్పు ఉంటే ఇంకేం చూడక్కర్లేదు.

సేఫ్టీ విషయంలో నేను ఒప్పుకుంటాను. బాడీ గట్టిది, హైవే మీద నూటఇరవైలోనూ బండి నేలని పట్టుకుని పోతుంది. అయితే బుడగ లేచిన టైర్లూ వదులైన ఆర్ములూ ఉన్న బండికి ఆ మాట వర్తించదు. ఇన్సూరెన్స్ కూడా చూడాలి. 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం స్విఫ్ట్ ఇంజిన్‌కి 3,416, రెండు లీటర్ల ఇంజిన్‌కి 7,897. అది చిన్న తేడా. పెద్దది క్లెయిమ్ దగ్గర వస్తుంది. ఇంత వయసు బండికి జీరో డిప్ (సామాన్ల మీద తరుగు కోయని పాలసీ) దొరకడం కష్టం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్ల మీద సగం మీరే పెట్టుకోవాలి, పదేళ్లు దాటితే మెటల్ మీద కూడా సగం. పైగా రిపేరు అంచనా ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద రాస్తారు. ఏడు లక్షల ఐడీవీ ఉన్న బండికి ముందు గట్టి దెబ్బ తగిలి ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయంటే, రెండు లైట్లు, బంపర్, రేడియేటర్లు, బ్యాగులు కలిపి ఆ గీత దాటడం ఎంతసేపు? స్విఫ్ట్ అయితే బాగుచేసి ఇచ్చే దెబ్బకి ఇది తుక్కవుతుంది.

ఇంతా చెప్పి కొనొద్దంటానా? అనను. ఇంట్లో రోజువారీకి ఇంకో బండి ఉండి, మీ ఊళ్లోనే నమ్మకమైన గ్యారేజీ ఉండి, బండి ధరలో సగం విడిగా బ్యాంకులో పెట్టుకోగలిగితే కొనుక్కోండి. ఆరు లక్షల బండికి మూడు లక్షలు పక్కన. తొమ్మిది లక్షలూ బండికే పోసి, ఇంకా లోన్ కూడా కలిపితే మొదటి పెద్ద రిపేరుకే బండి పార్కింగ్‌లో దుమ్ము పట్టడం మొదలవుతుంది. మెత్తటి సీటు, నిశ్శబ్దం, సాఫీ ప్రయాణం కావాలి, గుండెదడ వద్దు అంటే టొయోటాలో పాత పెట్రోల్ కామ్రీనో, కరోలా ఆల్టిస్‌నో చూడండి. వాట్సాప్‌లో పెట్టుకోవడానికి ఫొటో అంత బాగా రాదు, అంతే.

జర్మనే కావాలనుకున్నాక మాత్రం ఓనర్ల సంఖ్య, బిల్లులు, బ్యాంకు హైపోథికేషన్ (ఆర్‌సీలో లోన్ తాకట్టు) తీసేశారా లేదా అన్నవి ముందు చూడండి. చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ తీయించండి, మీటర్ తిప్పి ఉంటే చాలావరకు అక్కడే దొరికిపోతుంది. అమ్మేవాడి గ్యారేజీలో కాకుండా మీరు ఎంచుకున్నచోట ర్యాంప్ ఎక్కించి స్కాన్ చేయించండి. అందుకు ఒప్పుకోని వాడితో బేరం అక్కర్లేదు. చూడటానికి వెళ్లేటప్పుడు ఉదయాన్నే వెళ్లి ముందు బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకు వినిపించకూడని చప్పుడేదో ముందే వచ్చి పోయి ఉంటుంది, ఇంకో రోజు చెప్పకుండా వెళ్లండి.