సవరణ: 2010 మే 6 పతనం ఎలా మొదలైంది?

అమెరికా షేర్ మార్కెట్ 2010 మే 6న నిమిషాల్లో కుప్పకూలిన ఘటన గురించి నిన్న రాసినదానిలో ఒక వాక్యం తప్పు. అమ్మకాల వరదను మొదలుపెట్టినవి అతివేగ ట్రేడింగ్ కంప్యూటర్లేనని రాశాను. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడి రెండు నియంత్రణ సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక అలా చెప్పలేదు. దాన్ని పూర్తిగా చదవకుండా రాశాను, పొరపాటు నాదే.

నివేదిక ప్రకారం ఒక పెద్ద మదుపరి సంస్థ 75,000 ఫ్యూచర్స్ కాంట్రాక్టుల (ఇప్పుడే కుదుర్చుకున్న ధరకు తర్వాతి తేదీన కొనే, అమ్మే ఒప్పందాల) అమ్మకాన్ని ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు అప్పగించింది. వాటి విలువ సుమారు 410 కోట్ల డాలర్లు. అంతకుముందు నిమిషంలో జరిగిన లావాదేవీల్లో 9 శాతం మేర అమ్ముతూ పోవాలన్నదే దానికిచ్చిన ఆదేశం. ధర ఎంత పడిపోతున్నా దానికి పట్టదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొనేవారు కరువైనప్పుడు అతివేగ కంప్యూటర్లు ఆ కాంట్రాక్టులను తమలో తామే కొని అమ్ముకున్నాయి. 14 సెకన్లలో 27,000కు పైగా చేతులు మారితే నికరంగా కొన్నవి 200 మాత్రమే! లావాదేవీలు పెరిగిన కొద్దీ ఆ ప్రోగ్రామ్ మరింత వేగంగా అమ్మింది. అంటే ఆ కంప్యూటర్లు పతనాన్ని ఉధృతం చేశాయి, మొదలుపెట్టలేదు.

గ్రీస్ అప్పుల భయంతో మార్కెట్ ఆ రోజు అప్పటికే దిగజారుతోందన్న సంగతి కూడా నేను రాయకుండా వదిలేశాను.