నేరం చెప్పకుండా శిక్ష వేస్తే ఎవరు ఒప్పుకుంటారు?

జీతం లేని చోట శిక్ష వేయడం చాలా కష్టం. ఆఫీసులో అయితే ఇంక్రిమెంటు ఆపొచ్చు, బదిలీ చేయొచ్చు, ఉద్యోగం పీకేయొచ్చు. ఇంటి పనులన్నీ ముగించుకుని రాత్రిపూట గంటో రెండు గంటలో కూర్చుని, పైసా ఆశించకుండా వికీపీడియాలో వ్యాసాలు రాసే మనిషిని ఏం చేయగలరు? ఇక రావద్దని చెప్పగలరు, అంతే. ఆ ఒక్క మాట ఎవరు చెప్పారు, ఏ కారణం చూపించి చెప్పారు అన్నదాన్ని బట్టే మిగిలినవాళ్లు ఉండాలో వెళ్లాలో నిర్ణయించుకుంటారు. ఆ మాట చెప్పే హక్కు సభ్యులు ఓటేసి ఎన్నుకున్న తోటి సభ్యులకే ఉండాలి. వాళ్లు కూడా కారణాలు రాసి, ఎవరైనా చదువుకునేలా బయటపెట్టాలి. సర్వర్లు, బ్యాంకు ఖాతా తమ చేతిలో ఉన్నాయి కాబట్టి తీర్పు కూడా తామే చెబుతామని పై ఆఫీసు అనుకుంటే ఏమవుతుందో 2019లో ప్రపంచం చూసింది.

ఆ ఏడాది జూన్ 10న, వికీపీడియా సర్వర్లు, నిధులు చూసుకునే వికీమీడియా ఫౌండేషన్, ఇంగ్లిష్ వికీపీడియాలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఒక నిర్వాహకుడిని (పేజీలు తొలగించే, సభ్యులను అడ్డుకునే అదనపు హక్కులున్న సభ్యుడిని) ఏడాదిపాటు నిషేధించింది. ఫిర్యాదు ఎవరు చేశారో చెప్పలేదు. ఏ మాటకు, ఏ పనికి ఈ శిక్ష అన్నదీ జనానికి చెప్పలేదు. అప్పీలుకు దారి లేదు. ఆ నిర్వాహకుడు కటువుగా మాట్లాడతాడన్న పేరు అప్పటికే ఉంది. అయినా అతనితో పడనివాళ్లు కూడా ఈ పద్ధతి తప్పని గొంతెత్తారు. మరో నిర్వాహకుడు ధైర్యం చేసి నిషేధం ఎత్తేశాడు. ఫౌండేషన్ మళ్లీ నిషేధం పెట్టి, ఎత్తేసినాయన హక్కులు కూడా లాగేసుకుంది. ఇంకొకరు వచ్చి మళ్లీ ఎత్తేశారు. ఇరవై మందికి పైగా నిర్వాహకులు తమ బాధ్యతలు వదులుకున్నారు. వీళ్లంతా అల్లరి చేసే రకం కాదు. విధ్వంసక మార్పులు తుడిచేసి, కొత్తవాళ్లకు దారి చూపించి, ఆ సైట్‌ను రోజూ నిలబెట్టే మనుషులు.

చివరికి ఫౌండేషన్ బోర్డు జోక్యం చేసుకుంది. వ్యవహారం, తగాదాలు తెంచడానికి సభ్యులు ఎన్నుకున్న ఆర్బిట్రేషన్ కమిటీ చేతికి వచ్చింది. సెప్టెంబరులో కమిటీ నిషేధాన్ని రద్దు చేసింది. అయితే నిర్వాహక హక్కులు మాత్రం తిరిగి ఇవ్వలేదు. కావాలంటే మళ్లీ సభ్యుల ముందుకు వెళ్లి మద్దతు అడగమంది. ఆయన వెళ్లాడు, కావలసినంత మద్దతు దొరకలేదు. ఫౌండేషన్ కోపంలో న్యాయం ఎంతో కొంత ఉందనే అనుకుందాం. మనిషి ప్రవర్తన బాగాలేదని కమిటీ, సభ్యులు కూడా దాదాపు అదే చెప్పారు కదా. కానీ మొదటి తీర్పుకు తిరుగుబాటు వచ్చింది, రెండో తీర్పుతో గొడవ సద్దుమణిగింది. రెండోది జనం ముందు, జనం ఎన్నుకున్నవాళ్ల చేతుల మీదుగా వచ్చింది. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

ఈ కమిటీ పనితీరు గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా రాయలేదు. అది నాకు బాధ కలిగించే విషయం. మొదట్లో ఎవరినైనా నిషేధించాలంటే వికీపీడియా వ్యవస్థాపకుల్లో ఒకడైన జిమ్మీ వేల్స్ మాటే చివరి మాట. ఆ అధికారాన్ని ఆయన తనంతట తానే వదులుకుని కమిటీకి అప్పగించాడు. 2004 మొదట్లో అది పని మొదలుపెట్టింది. ఇప్పుడు సభ్యులు ఏటా జరిగే ఎన్నికల్లో వీళ్లను ఎన్నుకుంటారు. చిన్న తగాదాలు వీళ్ల దాకా రావు. చర్చా పేజీలో తేలకపోతే మూడో మనిషి అభిప్రాయం అడుగుతారు, తర్వాత నోటీసు బోర్డుకు వెళతారు. అక్కడా తెగనివే కమిటీ గుమ్మం ఎక్కుతాయి.

అక్కడ జరిగేది చూస్తే మన కోర్టుల మీద అసూయ కాదు, జాలి కలుగుతుంది. ఫలానావాడు నన్ను తిట్టాడని ఊరికే అంటే కుదరదు. తిట్టిన ఆ మార్పుకు లింకు ఇవ్వాలి. ప్రతి మార్పూ తేదీ, సమయంతో సహా పేజీ చరిత్రలో ఉంటుంది కాబట్టి నేను అనలేదని తప్పించుకునే వీలు లేదు. ఎవరైనా సాక్ష్యం పెట్టొచ్చు, కానీ దానికి మాటల పరిమితి ఉంది. ఊకదంపుడు చెల్లదు. తీర్పును మూడు ముక్కలుగా రాస్తారు. ఏ సూత్రాల మీద ఆధారపడుతున్నారు, ఏం జరిగిందని తేల్చారు, ఏం చర్య తీసుకుంటున్నారు. ఒక్కో వాక్యం మీద విడివిడిగా ఓటింగ్ జరుగుతుంది. ఏ సభ్యుడు దేనికి సరే అన్నాడో, దేనికి కాదన్నాడో అందరికీ కనిపిస్తుంది. తనకు సంబంధం ఉన్న కేసు నుంచి సభ్యుడు తప్పుకుంటాడు. వేధింపుల లాంటి కేసుల్లో బాధితులు ఈమెయిల్‌లో రహస్యంగా సాక్ష్యం ఇచ్చే దారి కూడా ఉంది.

అన్నిటికంటే తెలివైన సంగతి ఇంకొకటి ఉంది. వ్యాసంలో ఏది నిజం, ఏది అబద్ధం అన్నది కమిటీ తేల్చదు. మనుషుల ప్రవర్తన మీదే తీర్పు చెబుతుంది. నిజం తేల్చే అధికారం కమిటీలోని పదిహేను మంది చేతిలో పెడితే ఆ పదిహేను మందిని కొనడానికి, బెదిరించడానికి ప్రభుత్వాలు క్యూ కడతాయి. ప్రవర్తన మీద మాత్రమే అధికారం ఉంటే అంత ఆశ ఎవరికీ పుట్టదు. 2009లో సైంటాలజీ అనే వివాదాస్పద మతం మీది వ్యాసాల యుద్ధం ముదిరినప్పుడు కమిటీ, ఆ చర్చి సొంత నెట్‌వర్క్ నుంచి వచ్చే మార్పులను ఆపేసింది. సైంటాలజీ మంచిదా చెడ్డదా అన్న జోలికి వెళ్లకుండానే పని జరిగింది. భారత్, పాకిస్థాన్ అంశాల మీద రాసేవాళ్లకు ప్రత్యేక కట్టుబాట్లు ఉన్నదీ ఇందుకే. దక్షిణాసియా కులాల పేజీల మీద కూడా 2012 నుంచి కఠిన నియమాలు ఉన్నాయి. తమ కులానికి రాజవంశం అంటగట్టాలని తెల్లవారేదాకా తుడిచి రాసి, తుడిచి రాసి పోట్లాడుకునే మనవాళ్లను చూసినవారికి ఆ నియమాల విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఎదుటివైపు వాదన కూడా వినాలి. సభ్యులకే వదిలేస్తే ఒక ముఠా మొత్తాన్ని కబ్జా చేస్తుంది, బలహీనుల గోడు ఎవరూ వినరు అంటారు. దీనికి క్రొయేషియన్ వికీపీడియా పెద్ద ఉదాహరణ. అక్కడ తీవ్ర జాతీయవాదులైన కొందరు నిర్వాహకులు ఏళ్లపాటు పెత్తనం చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి యసెనోవత్స్ మరణ శిబిరం ఘోరాలను కూడా తక్కువ చేసి రాయించారు. 2013లో ఆ దేశ విద్యామంత్రే విద్యార్థులను అది వాడొద్దని హెచ్చరించాడు. నిజమే, ఘోరమే. కానీ ఆ కథలో పోలీసు, జడ్జి, పెద్ద రచయిత ఒకే గుంపు. వాళ్ల నిర్ణయాలను తిరగదోడే ఎన్నికైన కమిటీ ఏదీ అక్కడ నిలబడలేదు. 2020లో వాళ్ల పట్టు సడలడానికి కూడా ఇతర వికీల సభ్యుల బహిరంగ చర్చే కారణం. దొంగ ఖాతాలు బయటపడటం దానికి తోడైంది. రోగం పుట్టింది కమిటీ లేకపోవడం వల్ల, కమిటీ వల్ల కాదు.

దీన్నంతటినీ ఇంటర్నెట్ వింతగా చూసే అలవాటు మానుకోవాలి. ఉమ్మడి చెరువు, ఉమ్మడి మేత బీడు, ఉమ్మడి అడవి ఉన్న చోటల్లా మనుషులు ఎదుర్కొన్న సమస్యే ఇది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ జీవితమంతా దీని మీదే పనిచేసింది. ఉమ్మడి ఆస్తి తరతరాలు నిలిచిన చోట ఆమెకు కొన్ని లక్షణాలు కనిపించాయి. వాడుకునేవాళ్లే నియమాలు రాసుకుంటారు. కాపలాదారులు వాళ్లకే జవాబుదారీ. మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది. తగాదా తెంచుకునే చోటు దగ్గర్లో, ఖర్చు లేకుండా ఉంటుంది. సొంతంగా ఏర్పాటు చేసుకునే హక్కును పైఅధికారులు గుర్తిస్తారు. 2019లో ఫౌండేషన్ ఈ చివరిదాన్నే కాలరాసింది.

అంత దూరం ఎందుకు, మన కర్నూలు జిల్లానే చూడండి. 1970ల చివర్లో ఒక విదేశీ పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్లు తిరిగి చూశాడు. ప్రభుత్వ పంచాయతీతో సంబంధం లేకుండా కొన్ని ఊళ్లు సొంత మండలి, సొంత నిధి ఏర్పాటు చేసుకున్నాయి. పొలాలకు నీళ్లు పంచే మనుషులను, పంట కాపలాదారులను పెట్టుకున్నాయి. తప్పు చేసినవాడికి జరిమానా వేశాయి. ఇవి ఎక్కువగా చివరి ఆయకట్టు ఊళ్లు. నీళ్లు అందవేమోనన్న టెన్షన్ ఉన్న చోట కొట్టుకు చావకుండా ఉండటానికి పద్ధతి పెట్టుకున్నారు. నీళ్లు పుష్కలంగా వచ్చే ఊళ్లకు ఆ అవసరం పెద్దగా కనిపించలేదు.

ఇంత చరిత్ర ఉన్న మనం ఇవాళ ఏం చేస్తున్నాం? అపార్ట్‌మెంట్ సంఘంలో లెక్కలు తేడా వస్తే వాట్సాప్ గ్రూపు నుంచి తీసేస్తాం. విదేశాల్లో తెలుగు సంఘం ఎన్నికలు వివాదమైతే రెండో సంఘం పెడతాం, లేదా లాయరు దగ్గరికి పరిగెడతాం. ఈ రెండూ కాకపోతే ఇద్దరు పెద్దమనుషులు గదిలో కూర్చుని రాజీ కుదురుస్తారు. ఎందుకు కుదిరిందో, ఎవరు ఏం వదులుకున్నారో మూడో మనిషికి తెలియదు. అందుకే అదే గొడవ మూడేళ్లకు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కారణాలు రాసిపెట్టని తీర్పు తర్వాతివాళ్లకు పనికిరాదు.

ఈ సూత్రం అన్ని స్థాయిలకూ వర్తిస్తుంది. ఏఎన్ఐ వార్తాసంస్థ వికీమీడియా ఫౌండేషన్ మీద వేసిన పరువునష్టం కేసులో 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, ఆ కేసు గురించిన వికీపీడియా పేజీనే తీసేయమంది. తన ముందున్న కేసు మీద జనం మాట్లాడుకోవడం కోర్టుకు నచ్చలేదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేస్తూ, కోర్టులు చర్చకూ విమర్శకూ ఎప్పుడూ తెరిచి ఉండాలని స్పష్టంగా చెప్పింది. దేశంలోని హైకోర్టుకే వర్తించే ఈ మాట శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫౌండేషన్ ఆఫీసుకు, మన కాలనీ సంఘం ప్రెసిడెంటుకు వర్తించదా?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. లక్షకు పైగా వ్యాసాలున్న ఈ సంపదను చురుగ్గా నిలబెడుతున్నవాళ్లు చాలా కొద్దిమంది. పెద్ద చర్చలన్నీ రచ్చబండ పేజీలో బహిరంగంగానే జరుగుతాయి, అది గొప్ప బలం. కానీ ఇక్కడ ఆర్బిట్రేషన్ కమిటీ లేదు. అందరూ అందరికీ తెలిసినవాళ్లే అయిన చోట రేపు ఇద్దరు నిర్వాహకుల మధ్యే తీవ్రమైన ఆరోపణలు వస్తే, సంబంధం లేని తీర్పరి ఎక్కడ దొరుకుతాడు? 2024లో ఏర్పడిన ప్రపంచ స్థాయి ప్రవర్తనా నియమావళి కమిటీ దాకా వెళ్లొచ్చు. అక్కడ మన గొడవ తెలుగులో చదివి అర్థం చేసుకునేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు.

దారి ఒకటి కనిపిస్తోంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, మరాఠీ వికీలు కలిసి ఒక ఉమ్మడి కమిటీని ఎన్నుకోవాలి. తెలుగు కేసు వస్తే తెలుగు సభ్యుడు భాష, సందర్భం వివరించాలి గానీ ఓటేయకూడదు. సాక్ష్యాలు, తీర్పు, ఎవరు ఎటు ఓటేశారన్నది రెండు భాషల్లో బయటపెట్టాలి. వేధింపుల కేసుల్లో బాధితుల పేర్లు మాత్రమే దాచాలి. ఇప్పుడు ఈ వికీల మధ్య పెద్ద పగలేవీ లేవు కాబట్టి, ఎవరికి లాభమో తెలియకుండానే నియమాలు రాసుకోవచ్చు. గొడవ మొదలయ్యాక రాసే ప్రతి నియమం వెనుకా ఎవరో ఒకరి పేరు కనిపిస్తుంది. కాబట్టి ఈ ప్రతిపాదనను ఈ ఏడాదే రచ్చబండలో పెట్టాలి.