పావు అంగుళం గొడవ

(హాలు నిండా గుడ్డ ముక్కలు. కాలు పెట్టే చోటు లేదు. ముక్కలు కలిపి బొంత కుట్టడం రిటైరయ్యాక ఆయనకి పట్టిన కొత్త పిచ్చి; పాత పిచ్చిల తాలూకు సామాను అటక మీద ఉంది. ఆయన పట్టకారుతో ఒక చిన్న పేలిక పట్టుకుని అగ్గిపుల్ల గీశారు.)

ఆవిడ: ఏవండీ! ఏదో కాలుతున్న వాసనొస్తోంది!

ఆయన: కాలడం లేదు. నేనే కాలుస్తున్నాను. పరీక్ష.

ఆవిడ: దేన్ని? ఇంటినా?

ఆయన: గుడ్డని. ఇలా వచ్చి చూడు. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. వెంట్రుకలు కాలిన వాసనొస్తే పట్టు.

ఆవిడ: ఇప్పుడేం వాసనొస్తోంది?

ఆయన: (కాసేపాగి) వెంట్రుకలు.

ఆవిడ: ఈ ఇంట్లో పట్టు కట్టేది ఎవరు? మీరా?

ఆయన: చీర జోలికి పోలేదు, ఒట్టు. జాకెట్టు ముక్క. అదీ బీరువాలో అట్టడుగున పడుంది కదా అని...

ఆవిడ: అడుగున పెట్టింది దాచుకోడానికి. పారేసేవైతే పైనే పెడతాను. అయినా అది పట్టో కాదో నన్నడిగితే చెప్పేదాన్ని కదా? ముట్టుకుంటే తెలియదూ?

ఆయన: ముట్టుకుంటే కలిగేది నమ్మకం. కాలిస్తే తేలేది నిజం. బొంతలో పదిరకాల గుడ్డలు కలుస్తాయి. ఏది ఏదో తెలియకుండా నూలుకి పెట్టే వేడి పాలిస్టర్ మీద పెట్టామనుకో...

ఆవిడ: తెలుసు. మీ గళ్ళ చొక్కా ఇప్పటికీ ఇస్త్రీపెట్టె అడుగునే ఉంది. గీకలేక చస్తున్నాను. అది సరే, బాత్రూంలో బకెట్ నిండా ఆ ఎర్ర నీళ్ళేంటి?

ఆయన: ముక్కలన్నీ ముందే ఉతికేస్తున్నాను. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో వందకి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోతుంది. పక్కనున్న పాలిస్టర్ బిగదీసుకుని అలాగే ఉంటుంది. కుట్టేశాక ఉతికామో, ఒకటి ముడుచుకుని ఇంకోటి ఉబ్బి, బొంత అప్పడంలా తయారవుతుంది.

ఆవిడ: బాగుంది. మరి ఆ బకెట్లో ఉన్నది నా పాత వాయిల్ చీర కదా. ఎన్నేళ్ళుగా ఉతుకుతున్నాను దాన్ని! ఇంకా కుంచించుకోడానికి దాంట్లో ఏం మిగిలిందంట?

ఆయన: (ఆలోచించి) అది... పాయింటే.

ఆవిడ: కొత్తవి ఉతకండి, పాతవి వదిలేయండి. ఆ ఎర్ర ముక్కని మాత్రం విడిగా, రంగు దిగడం ఆగేదాకా ఉతకండి. ఆగిందో లేదో తెలియాలంటే తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డకి అద్ది చూడండి.

ఆయన: చూశాను. ఆగలేదు.

ఆవిడ: ఏ తెల్లగుడ్డకి అద్దారు?

ఆయన: (విననట్టు) ఈ టీషర్టు ముక్క చూశావా? అల్లిక గుడ్డ. లాగితే సాగుతుంది. వెనక ఫ్యూజింగ్, అంటే వేడికి అంటుకునే పొర, పెట్టి ఇస్త్రీతో అంటిస్తే సాగడం మానేస్తుంది. జీన్స్ ముక్కకి 16 నెంబరు సూది కావాలి. పట్టుకి అది పెడితే చిల్లులే, 11 నెంబరు సరిపోతుంది. ఇక వెల్వెట్ ఉంది చూడూ, మిషన్ కింద రెండు పొరలూ కలిపి పెడితే, పైది మెల్లగా పక్కకి పాకేస్తుంది. ఒక్కో గుడ్డది ఒక్కో బుద్ధి. ఒకటి సాగేది, ఒకటి ముడుచుకునేది, ఒకటి జారుకునేది. అన్నిటినీ ఒకే దారం కలుపుతుంది. అచ్చం మన కాపురం లాగే...

ఆవిడ: ఆపండి. ఆ ముక్క ఎవరి పెళ్ళిలోనైనా మైకు దొరికినప్పుడు చెప్పండి. పని చెప్పగానే జారుకునేదెవరో నాకు తెలుసు.

ఆయన: నీకు కళ అంటే గౌరవం లేదు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనిలో చిరిగిన ప్యాంట్లతో, చొక్కాలతో కుట్టిన బొంతల్ని 2002లో మ్యూజియం గోడలకి తగిలించారు తెలుసా? 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వేశారు.

ఆవిడ: పాపం, చలికి కప్పుకుందామని కుట్టుకుని ఉంటారు వాళ్ళు. చిరిగిన ప్యాంట్లు అన్నారూ? ఎవరివి?

ఆయన: ఇంట్లో మగవాళ్ళవి. మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడైతే 1942లో, భర్త పోయాక, ఆయన పని బట్టలన్నీ కలిపి ఒక బొంత కుట్టింది. కప్పుకుని ఆయన్ని తలుచుకోవచ్చని.

ఆవిడ: (గొంతు తగ్గించి) ఎంత మంచి మనసో. (మళ్ళీ మామూలుగా) అక్కడ మగవాళ్ళ బట్టలు కోశారు. మరిక్కడ నా బీరువా మీద పడ్డారేం?

ఆయన: ఆ సంగతి తర్వాత. ముందు ఇది చూడు. అన్నీ ఐదంగుళాల చదరాలు. కుట్టుకి పావు అంగుళం. వెంట్రుకవాసి తేడా రాకూడదు. అడ్డం 12, నిలువు 15. గ్రాఫ్ పేపర్ మీద ప్లాన్ వేసి, ప్రతి ముక్కకీ నెంబరిచ్చాను.

(ఆవిడ వంగి పదిహేడో నెంబరు తీసి నలభై రెండు ఉన్నచోట పెట్టింది.)

ఆయన: ఏయ్! ప్లాన్!

ఆవిడ: ముదురు రంగులన్నీ ఒక మూలకి పోయాయండీ. కళ్ళు సగం మూసి చూడండి. మచ్చలా లేదూ?

ఆయన: (కళ్ళు సగం మూసి) ...ఉంది.

ఆవిడ: ఆ పూలది ఇటివ్వండి. గీతలది పక్కకి జరపండి. కాదు, అటు కాదు, నా వైపు. మీ వైపు నా వైపు ఎలా అవుతుందండీ? (నాలుగైదు ముక్కలు మార్చాక) ఇప్పుడు చూడ్డానికి బాగుంది. ఇంతకీ ఎంత పొడుగొస్తుంది?

ఆయన: పదిహేనైదులు డెబ్బై ఐదు. నా పొడుగు అరవై ఎనిమిది అంగుళాలు. కాళ్ళు కప్పుకోగా ఇంకా ఏడు మిగులుతాయి.

ఆవిడ: కుట్టాక కూడానా?

ఆయన: కుడితే గుడ్డ ఎక్కడికి పోతుందే?

ఆవిడ: కుట్టులోకి. ఒక్కో ముక్కకి అటు పావు, ఇటు పావు. అంటే అర అంగుళం లోపలికి పోయినట్టే కదా? పదిహేను ముక్కలకి ఏడున్నర.

(ఆయన గ్రాఫ్ పేపర్ తిరగేసి లెక్క వేశారు. మళ్ళీ వేశారు. ఆ మీదట పేపర్‌నే తలకిందులుగా పెట్టి చూశారు.)

ఆవిడ: అరవై ఏడున్నరకి వచ్చిందా? తల కప్పితే కాళ్ళు బయట, కాళ్ళు కప్పితే తల బయట.

ఆయన: ఇంకో వరస కోస్తాను.

ఆవిడ: దేన్ని? నా బీరువా తాళం ఇక్కడుంది. (బొడ్లో చూపించి) వరసలొద్దు. చుట్టూ నాలుగేసి అంగుళాల అంచు వేస్తే సరి. గట్టి గుడ్డైతే అంచు త్వరగా చిరగదు కూడా. మీ జీన్స్ ప్యాంటు ఉందిగా, కుట్లు విప్పితే పొడుగు పట్టీలు బోలెడొస్తాయి.

ఆయన: నా జీన్సా! గీస్ బెండ్ ఆవిడ ఆయన పోయాక కోసిందే. నేనింకా ఉన్నాను.

ఆవిడ: మీరు నిండు నూరేళ్ళు ఉండాలి. పోయింది మీ నడుమే. ఆ ప్యాంటు బొత్తాం పెట్టి ఎన్నాళ్ళయింది?

ఆయన: సన్నబడతాను.

ఆవిడ: ఆహా.

ఆయన: అయినా జీన్స్ బరువు. బొంత ఎత్తలేవు.

ఆవిడ: బరువుంటే రాత్రి జారిపోదు. మీరు లాక్కున్నా రాదు.

ఆయన: (చాలాసేపయ్యాక) జేబులు మాత్రం కోయకు.

ఆవిడ: కోయను. వెనక జేబు ఉన్నదున్నట్టు అంచు మీద కుడతాను. కళ్ళజోడు అందులో పెట్టుకోండి. అర్ధరాత్రి 'నా కళ్ళజోడేదే' అని నన్ను లేపే బాధ తప్పుతుంది.

ఆయన: నా కుడిచేతి వైపు కుట్టు.

ఆవిడ: మీరు కుడివైపుకి తిరిగి గురక పెడతారు. కళ్ళజోడు విరుగుతుంది. ఎడమవైపు.

ఆయన: ఎడమవైపు నువ్వుంటావు!

ఆవిడ: ఆ జేబు నాకే ఉండనివ్వండి. నాకూ కళ్ళజోడుంది.

ఆయన: ప్యాంటు నాదైతే జేబు నీదెలా అవుతుందే?

ఆవిడ: ప్యాంటుకి రెండు జేబులున్నాయి కదండీ. కత్తెర ఇటివ్వండి.